లక్కపిడతలకు నెల్లూరు చిరునామా

మా ఊళ్లో లక్కపిడతలు కొనేవారు ఉండరు, చేసేవారే ఉంటారు. విశాఖ వైపు, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో పుట్టి పెరిగిన నేను, ఒక లక్కపిడతల పెట్టెకు ఎంత ధర చెప్పాలో మాత్రం ఇరవై తొమ్మిదో ఏట నెల్లూరు వచ్చాకే నేర్చుకోవలసి వచ్చింది. 2018 జూన్‌లో మావారికి కృష్ణపట్నం వైపు ఉన్న విద్యుత్ కేంద్రంలో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున ఉద్యోగం దొరకడంతో వేదాయపాళెంలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. పుట్టింటికీ ఇక్కడికీ సుమారు 550 కిలోమీటర్ల దూరం. సామానుతో పాటు అన్నయ్య చేసిన నాలుగు లక్కపిడతల పెట్టెలూ, ఒక డజను కుంకుమ భరిణెలూ వచ్చాయి. అవి అమ్మకానికి తెచ్చినవి కావు. కొత్త ఊళ్లో ఎవరైనా పేరంటానికి పిలిస్తే వట్టి చేతులతో వెళ్లకూడదని అమ్మ సర్దిపెట్టింది.

ఆ తొలి నెలల్లో నేను నోరు విప్పితే పక్కింటివారు ముసిముసిగా నవ్వేవారు. నేను "ఏటండీ" అంటాను, వారు "ఏందమ్మా" అంటారు. "యాడికి పోతుండావు" అని వారు ఆప్యాయంగా అడిగినా, నన్ను నిలదీస్తున్నారేమోనని ఒక క్షణం తత్తరపడేదాన్ని. మాట కలవకముందే భరిణెలు కలిశాయి. శ్రావణమాసంలో ఒక పేరంటంలో నేనిచ్చిన భరిణెను చూసిన ఇల్లాలు, వరలక్ష్మీ వ్రతం వాయనాలకు తనకు ఇరవై కావాలని, ఒక్కొక్కటి ఎంతకు ఇస్తావని అడిగింది. అన్నయ్య వ్యాపారులకు 45 రూపాయలకు వేసేవాడు కాబట్టి, ధైర్యం చేసి 60 అన్నాను. ఆమె బేరమాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఇరవై భరిణెల మీద వచ్చిన 300 రూపాయల తేడాలో ఆర్టీసీ కార్గోకు 140, బస్టాండు నుంచి ఆటోకు 80, సంచులకూ కాగితాలకూ 40 పోగా, నాకు మిగిలింది 40 రూపాయలు. ఆ లెక్క వేసిన కాగితం ఇప్పటికీ నా లెక్కల పుస్తకం మొదటి పేజీలో అంటించి ఉంది.

తరువాతి ఏడాదిన్నర కాలం నేను చేసింది వ్యాపారం అనడం కన్నా చేరవేత అనడమే సరి. అన్నయ్య పంపినవి పంపినట్టు అమ్మేదాన్ని. ట్రంకు రోడ్డు మీద ఒక కానుకల దుకాణం వారు, అమ్ముడైన తరువాత డబ్బు ఇచ్చే పద్ధతి మీద యాభై వస్తువులు తీసుకుని, పడమటి ఎండ నేరుగా తగిలే అద్దాల అరలో పెట్టారు. మా ఊరి లక్క రంగులు చెట్ల నుంచి వస్తాయి. పసుపు కొమ్ముల నుంచి పచ్చరంగు, నీలిమందు నుంచి నీలం, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ. ఒక దశలో రసాయన రంగుల వైపు మళ్లిన పనివారిని మళ్లీ ఈ రంగుల దగ్గరకు తీసుకొచ్చినవారు మా ఊరి చింతలపాటి వెంకటపతి రాజుగారు. 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇదంతా గర్వంగా చెప్పుకోదగినదే గానీ, పసుపు నుంచి తీసిన రంగు ఎండకు నిలవదన్న సంగతిని దుకాణదారుకు ముందుగా చెప్పవలసినదాన్ని నేనే. రెండు నెలలకు పచ్చని బొంగరాలు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. రంగు నిలవని సరుకని మిగిలినవి వెనక్కి ఇచ్చేశారు. అమ్ముడైన ఇరవై మూడింటి డబ్బు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆనాటి నుంచి ప్రతి పెట్టెలో "నేరుగా ఎండ తగలనివ్వకండి" అన్న చీటీ పెడుతున్నాను. అమ్ముడయ్యాక డబ్బు అన్నవారికి పది వస్తువులకు మించి ఇవ్వడం లేదు.

చేరవేతతో బండి నడవదని తెలియజెప్పినవారు కొనుగోలుదారులే. భరిణె ఇంకొంచెం లోతుగా ఉంటే బాగుంటుందని ఒకరు, దసరా బొమ్మల కొలువులో పెట్టడానికి మెట్ల కొలతకు సరిపోయే చిన్న బిందెలూ రోలూ రోకళ్లూ కావాలని మరొకరు అడిగేవారు. మా ఇంట్లో కొలువు సంక్రాంతికి పెట్టేవారు. ఇక్కడ నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది దసరాకు పెట్టేవారే కావడంతో, నా సీజను మూడు నెలలు ముందుకు జరిగింది. ఐదు బిందెల కోసం, ఆరు రోళ్ల కోసం మిషన్ మీద పని ఆపి కొత్త కొలత తిప్పాలంటే అన్నయ్యకు గిట్టదు. వందల్లో చెబితే చేస్తానన్నాడు. అతని మాటలో తప్పు లేదు. తిప్పేదేదో నేనే తిప్పుకోవాలని నిశ్చయించుకున్నాను.

చెక్కను తిప్పే మిషన్‌ను మా తాతగారి కాలంలో తరిమెన అనేవారట, తాడు చుట్టి చేత్తో లాగి తిప్పేవారట. ఇప్పుడు అందరం లేత్ మిషన్ అనే అంటున్నాం. మా ఇంట్లో మిషన్ ముందు కూర్చునేది నాన్న, అన్నయ్య. లక్క కడ్డీలు చేయడం, రంగులు సరిచూడడం, పెట్టెలకు సర్దడం అమ్మదీ నాదీ. అందుచేత లక్క నాకు బాగా తెలుసు, ఉలి తెలియదు. 2020 సంక్రాంతికి వెళ్లి నెలరోజులు ఉండిపోయి, అన్నయ్య పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక, మోటారు వైండింగ్ చేసే ఒకాయన దగ్గర అర హెచ్‌పీ పాత మోటారు 2,800 రూపాయలకు కొన్నాను. మిగతా భాగాలను ఒక లేత్ వర్క్‌షాపులో చేయించాను. అన్నయ్య ఫోనులో కొలతలు చెబుతుంటే అక్కడి మేస్త్రీ సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాడు. ఆడమనిషి చెక్క మిషన్ చేయించుకోవడం అతనికి వింతగా తోచి, రెండుసార్లు "సార్ రాలేదా" అని అడిగాడు. మొత్తం 14,600 రూపాయలైంది. మిషన్ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే, మార్చిలో, లాక్‌డౌన్ వచ్చింది.

ఆ తీరిక లేకపోతే నేను ఈ పని నేర్చుకునేదాన్ని కాదేమో. రెండు బస్తాల అంకుడు కర్రను ఆ రెండు నెలల్లో పాడు చేశాను. అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది, ఉలికి లొంగుతుంది, బాగా ఆరినది కాకపోతే మాత్రం తిప్పిన వారానికే చీలుతుంది. కర్ర అయిపోయాక కట్టెల అడితికి వెళ్లి దొరికినవి తెచ్చి ప్రయత్నించాను. తీరం వెంబడి తోటలకు తోటలున్న సరుగుడు నాకు అగ్గువగా దొరికింది గానీ, అది ఉలిని ఎదిరిస్తుంది, ఎండాక చీలుతుంది. వేప నార లేచిపోయింది. మా ఊరి పనివారు అంకుడును ఎందుకు వదలరో ఆ చెడిన ముక్కలు చెప్పాయి.

లక్క పట్టించే పని చూసినవారికి గారడీలా ఉంటుంది. లక్కను కుంపటి మీద వేడి చేసి, మెత్తబడ్డాక రంగు కలిపి, సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, రంగు అంతటా ఒకేలా పట్టేదాకా పిసికి, కడ్డీలుగా చేసుకుంటాం. తిప్పి నునుపు చేసిన చెక్క మిషన్ మీద తిరుగుతుండగానే కడ్డీని దానికి ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది. దాన్ని ఎండిన మొగలి ఆకుతో ఒత్తుతూ పోతే పూత సర్దుకుని మెరుపు వస్తుంది. ఇందులో కుంచె లేదు, వార్నిష్ లేదు, ఆరబెట్టడం లేదు. మిషన్ ఆగేసరికి వస్తువు సిద్ధం. కడ్డీని ఎంత గట్టిగా ఆనించాలన్నది మాత్రం చెప్పడానికి వచ్చేది కాదు. తక్కువైతే లక్క కరగదు, ఎక్కువైతే గడ్డకట్టి గీతలు పడుతుంది. కడ్డీలు ఇప్పటికీ అమ్మే చేసి పంపుతుంది. మొగలి ఆకులు మాత్రం మైపాడు వైపు నుంచి చేపలు తెచ్చే ఆమెను అడిగితే, వారానికొక కట్ట తెచ్చి ఇచ్చేది. వీటితో నేనేం చేస్తానో ఆమెకు చాలాకాలం అర్థం కాలేదు, పూజకు అనుకుందట.

ఇంటి ఓనరు మామ్మగారు మొదటిరోజే తలుపు తట్టి, "ఏందమ్మాయ్ ఆ రొద, ఇంట్లో రైలు పెట్టుకున్నావా?" అని అడిగారు. పొద్దున పది నుంచి ఒంటిగంట వరకే మిషన్ నడపాలని, ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళ ముట్టుకోకూడదని ఒప్పందం కుదిరింది. ఆ తరువాత ఇంటి మీటరు మీద వ్యాపారం చేయకూడదన్న ప్రశ్న వచ్చింది కాబట్టి, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని వేరే కనెక్షన్ తీసుకున్నాం. షెడ్డు ఖర్చు 38,000 రూపాయలు. నా గాజుల జత ఒకటి దానికి పోయింది.

రేకుల షెడ్డు నాకు నెల్లూరు వాతావరణం గురించి నేర్పిన పాఠాలు రెండు. మొదటిది మే నెలది. అటకమీద పెట్టిన లక్క కడ్డీలు ఎండ వేడికి ఒకదానికొకటి అతుక్కుని, రంగులన్నీ కలిసిన ఒకే ముద్దగా మారాయి. రెండోది నవంబరుది. మా ఊళ్లో జూన్ నుంచే వానలు పడతాయి. ఇక్కడ అసలు వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో, వాయుగుండాలతో వస్తాయి. వేసవిలో నేను కచ్చితంగా అమిరేలా తిప్పిన భరిణె మూతలు, నవంబరు తేమకు చెక్క ఉబ్బి, బిగుసుకుపోయాయి. "మూత తీయబోతే కుంకుమంతా చీర మీద పడిందమ్మా" అని ఒకావిడ ఫోను చేసినప్పుడు ఏమనాలో తోచలేదు. అన్నయ్యకు చెబితే, మూత తిప్పే నెలను బట్టి వదులు పెట్టుకోవాలని, వేసవిలో తిప్పితే ఒక పోస్టుకార్డు మందం ఎక్కువ వదలాలని చెప్పాడు. ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో ఉన్నా నేను అడగలేదు, వారు చెప్పలేదు. ఎవరికీ అవసరం పడలేదు.

ధరల లెక్క కూడా అప్పుడే ఒక కొలిక్కి వచ్చింది. భరిణెకు కర్ర 12 రూపాయలు, లక్క 10, నా శ్రమ గంటకు 60 చొప్పున ఇరవై ఐదు నిమిషాలకు 25, చెడిపోయేవీ చుట్టే కాగితమూ కలిపి 8, మొత్తం 55. దుకాణానికి 70, నేరుగా కొనేవారికి 110. నా గంటకు నేనే వెల కట్టుకోవడం మొదట సిగ్గుగా అనిపించింది. ఇంట్లో ఉండి చేసే పనికి కూలి ఏమిటని మా అత్తగారు అన్నారు కూడా. కానీ ఆ 25 రూపాయల గడి లేకపోయి ఉంటే, తరువాత మరొకరిని పనికి పెట్టుకోవడం నాకు సాధ్యమయ్యేది కాదు.

ఇక పేరు సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఇంతగా ఇబ్బంది పెట్టినది కర్రా కాదు, కరెంటూ కాదు. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమలకు ఉద్యమ్ నమోదు మొదలైంది. ఆధార్‌తో, రుసుము లేకుండా, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు కాబట్టి నేనూ చేసుకున్నాను. పేరు అడిగిన చోట ఆలోచించకుండా మా ఊరి పేరు రాశాను. పెట్టెల మీదా అదే ముద్రించాను. ఆ మరుసటి ఏడాది వీఆర్సీ మైదానంలో జరిగిన ఒక ప్రదర్శనలో చిన్న బల్ల పెట్టుకుని కూర్చున్నప్పుడు, న్యాయశాస్త్రం బోధించి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి, ఒక్కొక్క వస్తువునూ తిప్పి చూసి, "ఎక్కడ చేసినారమ్మా ఇవి?" అని అడిగారు. నేను ఎంతో గర్వంగా, "ఇక్కడే అండీ, వేదాయపాళెంలో, నేనే చేశాను" అన్నాను. "మరి ఈ పేరు ఎట్టా పెట్టినావు?" అన్నారు ఆయన.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నాకు తెలుసు. ఊళ్లో అందరం సంతోషించాం. ఆ గుర్తింపు ఊరికి గానీ ఊరివాళ్లకు కాదన్న సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. 1999 నాటి చట్టం ప్రకారం, ఆ పేరు ఫలానా ప్రాంతంలో తయారైన సరుకుకే చెల్లుతుంది. అక్కడి ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకోవాలి. ఆయన నాకు అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పారు: "ఏడనో నేసిన చీర మీద వెంకటగిరి అని అచ్చేస్తే మేం ఊరుకుంటామా తల్లీ?" దానికి నా దగ్గర సమాధానం లేదు. కర్ర అక్కడిదే, లక్క అక్కడిదే, పని నేర్చిన చెయ్యి అక్కడిదే. తిరిగే మిషన్ ఒక్కటే ఇక్కడిది. అయినా చట్టం చూసేది ఆ మిషన్ ఉన్న చోటునే.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేసి చెబితే అతను నొచ్చుకున్నాడు. "నువ్వు మన ఊరిదానివి కాదేటి? ఆయనెవరో చెప్తే పేరు తీసేత్తావా?" అన్నాడు. నేను తిరిగి అడిగాను: రేపు ఎవరో ఎక్కడో రసాయన రంగులు పూసి మన పేరు పెట్టుకుంటే నువ్వు ఒప్పుకుంటావా అని. అతను మాట్లాడలేదు. నెల తరువాత, ఆ పేరుతో అచ్చువేయించిన 600 పెట్టెలను పాతసామాన్ల వాడికి వేసేశాను. వాటికి 4,200 రూపాయలు ఖర్చయింది.

ఈ పేరు గొడవకు ఇంకో ముడి కూడా ఉందని చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్ద ఆర్డరు వల్ల తెలిసింది. పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునేది ఏదైనా బొమ్మ కిందికే వస్తుంది. కుంకుమ భరిణె రాదు, లక్కపిడతలు వస్తాయి. నాలాంటివాళ్లు ప్రయోగశాల పరీక్షల ఖర్చు ఎక్కడ భరించగలరు? ప్రభుత్వం రెండు మినహాయింపులు ఇచ్చింది. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను దాని యజమానులు, అధీకృత వినియోగదారులు చేస్తే ముద్ర అక్కర్లేదు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తాము చేసినవి అమ్మితే అక్కర్లేదు. ఊళ్లో ఉండి ఉంటే మొదటి దారి నాకు దొరికేది. నెల్లూరులో ఉన్నాను కాబట్టి రెండో దారే మిగిలింది. ఆ గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు పెట్టి, ఆధార్‌లో చిరునామా మార్పించి, పని చేసి చూపించి, కార్డు చేతికి వచ్చేసరికి ఏడు నెలలు దాటాయి. అంతవరకూ లక్కపిడతలు అమ్మడం మానేశాను. ఇంటికి వచ్చి అడిగిన పిల్లల తల్లులకు కూడా లేవనే చెప్పాను. చెన్నై ఆర్డరు పోయింది.

పన్నుల విషయంలో నాకు అంత కష్టం కలగలేదు. సరుకులు అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు వరకూ జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నాది అందులో పదో వంతు. రాష్ట్రం దాటి పంపితే సామాన్యంగా నమోదు తప్పదు గానీ, లక్క పూసిన చెక్క వస్తువుల వంటి హస్తకళలకు 20 లక్షల వరకూ సడలింపు ఉంది. పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు అనే రవాణా పత్రం తీయాలి. బెంగళూరుకు మొదటి పెట్టె పంపినప్పుడు మా అకౌంటెంట్ తమ్ముడు 1,900 రూపాయల సరుకుకు ఈ-వే బిల్లు తీసి తనలో తనే నవ్వుకున్నాడు.

2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నకు పెద్ద వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా వైపు ఇళ్లలోకి నీరు రాలేదు. అయితే ఒక పెళ్లివారికి ఒప్పుకున్న 150 భరిణెల కోసం అన్నయ్య పంపిన కర్ర, లక్క ఏటి అవతలే ఆగిపోయాయి. ఇంట్లో ఉన్న కర్రతో తొంభై మాత్రమే చేయగలిగాను; మిగిలిన అరవైకి తీసుకున్న అడ్వాన్సు వెనక్కి ఇచ్చాను. పెళ్లివారు అందరి కష్టాలూ చూసినవారు కాబట్టి ఒక్క మాట అనలేదు. ఊళ్లో ఎందరికో నిలువ నీడ లేని రోజుల్లో నా భరిణెల గురించి బాధపడడం నాకే సిగ్గనిపించింది. కానీ మూడు నెలలకు సరిపడా కర్ర ఎప్పుడూ ఇంట్లో ఉండాలని, వీలైతే ఇటువైపే ఎక్కడైనా కర్ర వెతకాలని అప్పుడే అనుకున్నాను.

ఆ వెతుకులాటే నన్ను 2022 ఫిబ్రవరిలో ఉదయగిరికి తీసుకెళ్లింది. నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కితే సుమారు వంద కిలోమీటర్లు. కొండమీది దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ తరువాతి దండయాత్రల్లో ఉత్తరానికి సాగి, 1516లో సింహాచలం అప్పన్నను దర్శించుకున్నాడు. ఆయన ఉదయగిరి నుంచి మా వైపు వెళ్లాడు, నేను మా వైపు నుంచి ఉదయగిరి వచ్చాను అనుకుని బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఉదయగిరి చెక్క చెంచాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. నార్ది, కల్ది, బిక్కి, పాలబర్కి అనే కర్రలతో, ఆకురాయీ చిన్న రంపమూ పట్టుకుని, నేల మీద కూర్చుని చేస్తారు. ఇంటిల్లిపాదీ చేస్తారు, నేను వెళ్లిన ఇంట్లో పిడి మీద నగిషీ చెక్కుతున్నది ఒక పెద్దావిడ. రంగు లేదు, లక్క లేదు, మిషన్ లేదు. నోట్లో పెట్టుకునేదానికి పూత ఎందుకని వారి వాదన.

నాకు కర్ర అమ్మగలరా అని అడిగాను. ఇంటి పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "కర్ర మాకే చాలడం ల్యా అమ్మా. చెంచాలు కావాలంటే ఎన్నైనా ఇస్తాం." కర్ర కోసం వెళ్లినదాన్ని నలభై చెంచాలతో తిరిగి వచ్చాను. వాటిని ఏం చేయాలో తోచక వంటింట్లో పెడితే, మావారు ఒక చెంచా తీసి ఉప్పు డబ్బాలో వేశారు. ఆ డబ్బా ప్లాస్టిక్‌ది. ఆలోచన అక్కడే పుట్టింది. బయట లక్క, లోపల పూత లేని అంకుడు, అందులో ఉదయగిరి చెంచా. అయితే వారి చెంచాల పిడి పొడుగు. డబ్బా మూత పడదు. నాలుగు అంగుళాల పొట్టి చెంచా, నగిషీ లేకుండా చేయమని మళ్లీ వెళ్లి అడిగాను. ఆ పెద్దావిడ చెంచాను కింద పెట్టి, "నగిషీ లేకుంటే దీన్ని మా చెంచా అని ఎవరంటారు?" అన్నారు. వీఆర్సీ మైదానంలో నన్ను అడిగిన ప్రశ్ననే ఆమె మరో వైపు నుంచి అడిగినట్టు అనిపించి, పట్టుబట్టలేదు. పిడి పొట్టిగా, చివర బొటనవేలంత మేర నగిషీ ఉండేలా కుదిరింది. చెంచాకు 90 రూపాయలు అన్నారు, 90 ఇచ్చాను. డబ్బా, చెంచా కలిపి 480కి అమ్ముతున్నాను. ఈ మూడేళ్లలో నా అమ్మకాల్లో సగానికి పైగా ఆ ఒక్క వస్తువే.

పెట్టె మీద ఏం రాయాలన్నది రిటైరైన ఆ మాస్టారి దగ్గరకే వెళ్లి తేల్చుకున్నాను. ఇప్పుడు మూడు వరుసలు ఉంటాయి: "చెంచా ఉదయగిరిలో చేసినది. డబ్బా నెల్లూరులో చేసినది. లక్క పని ఏటికొప్పాకలో నేర్చుకున్నది." మూడో వరుసలో నేను మొదట "ఏటికొప్పాక లక్క పని" అని రాస్తే, ఆయన కలంతో కొట్టేసి "లో నేర్చుకున్నది" అని చేర్చారు. అన్నయ్య చేసి పంపేవాటికి వేరే పెట్టె ఉంది. దాని మీద ఊరి పేరు నిండుగా ఉంటుంది. రెండూ ఒకే బల్ల మీద పెడితే కొందరు అసలువి ఏవి అని అడుగుతారు. రెండూ అసలువే అని చెప్పి, తేడా వివరిస్తాను. ఒక్కోసారి అమ్మకం అక్కడే జారిపోతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ కూడా ఉండడంతో, మరుసటి ఏడాది నమోదు చేసుకున్నాను. రోజుకు 500 రూపాయల భృతితో శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల సాయం, ఐదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల అప్పు వచ్చాయి. శిక్షణలో నాకు కొత్తగా తెలిసింది తక్కువే. అప్పు మాత్రం అదనుకు అందింది. రెండో మిషన్ కొన్నాను. పక్క వీధి నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చి లక్క పట్టిస్తున్నారు. అందులో ఒకమ్మాయి చెయ్యి నాకన్నా తేలిక; ఆమె పూసిన ఆకుపచ్చను చూసి మా అమ్మ వీడియో కాల్‌లో "ఇది నువ్వు చేసింది కాదే" అని కనిపెట్టింది.

2025 ఏప్రిల్‌లో అన్నయ్య మొదటిసారి నెల్లూరు వచ్చాడు. చేపల పులుసు తిని, షెడ్డులో మిషన్‌ను తిప్పి చూసి, ఉలి ఆనించే కమ్మీ అర అంగుళం ఎత్తు ఎక్కువైందని చెప్పి, ఉప్పు డబ్బాను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మా ఊరి దగ్గరి ఎలమంచిలిలో తనకు తెలిసిన దుకాణానికి యాభై కావాలన్నాడు. తరువాత పెట్టె మీది మూడు వరుసలూ చదివి, "మన దగ్గర నెల్లూరు అని రాసి అమ్ముతావేటి?" అన్నాడు. అమ్ముతానన్నాను. రెండు రోజులు ఆ మాట మళ్లీ ఎత్తలేదు గానీ, రైలెక్కే ముందు ఆర్డరు మాత్రం రద్దు చేయలేదు.

ఆ యాభై డబ్బాలూ మే నెలాఖరున కార్గోలో వెళ్లాయి. వాటి మూతలను నేనే తిప్పాను, పోస్టుకార్డు మందం కన్నా ఇంకొంచెం వదులుగా. అక్కడ వానలు జూన్‌లోనే మొదలవుతాయి.